మాఊన్: షెడ్డులో నిలిచిన ట్రాక్టరు మీద పొరుగువాడి హక్కు

దివ్య ఖుర్ఆన్‌లో 107వ సూరా పేరు ‘అల్ మాఊన్’. ఏడే ఏడు చిన్న ఆయతులు. నమాజులో తరచూ వింటాం. మక్తబ్‌కు వెళ్లే పిల్లలకు తొలినాళ్లలోనే కంఠస్థం అవుతుంది. సూరా మొదట్లో తీర్పు దినాన్ని కాదనేవాడి గుర్తులు ఉన్నాయి. వాడు అనాథను గెంటేస్తాడు, పేదవాడికి అన్నం పెట్టమని ఎవరినీ ప్రోత్సహించడు. ఆ తర్వాత మాట నమాజు చేసేవారి మీదికే తిరుగుతుంది. నమాజు పట్ల ఏమరుపాటుగా ఉండేవారికి, పదిమంది చూడాలని చేసేవారికి, ‘మాఊన్’ ఇవ్వడానికి చేయి రానివారికి వినాశనం తప్పదన్న హెచ్చరికతో సూరా ముగుస్తుంది.

ఈ మాఊన్ అంటే ఏమిటి? హజ్రత్ అలీ (రజి), ఇబ్ను ఉమర్ (రజి) వంటివారు జకాత్ అన్నారు. ఇబ్ను మస్ఊద్ (రజి) మాత్రం, ప్రవక్త (సఅసం) కాలంలో తాము బొక్కెన, వంటకుండ లాంటివి ఎరువు ఇవ్వడాన్నే మాఊన్‌గా లెక్కపెట్టేవాళ్లమని చెప్పారు. ఆయన మాట అబూ దావూద్ సంకలనంలో ఉంది. తర్వాతి తరం పండితుడు ఇక్రిమా (రహ్) ఈ రెండు అభిప్రాయాలనూ కలిపారు. మాఊన్‌లో పై మెట్టు జకాత్, కింది మెట్టు జల్లెడ, బొక్కెన, సూది అన్నది ఆయన వివరణ. నాకు ఈ వివరణే నచ్చుతుంది. ఏటా లెక్క కట్టి ఇచ్చే జకాత్‌కూ, గోడ అవతలి నుంచి అడిగితే ఇచ్చే సూదికీ ఒకే పేరు పెట్టినట్లయింది.

మన తెలుగులో దీనికి సొంత మాటలున్నాయి. డబ్బు తీసుకుని తిరిగి ఇస్తే చేబదులు. వస్తువు తెచ్చుకుని వాడుకుని తిరిగి ఇస్తే ఎరువు. ‘ఎరువుల సొమ్ము బరువుల చేటు’ అనే సామెత అందరూ విన్నదే. అది తెచ్చుకునేవాడికి జాగ్రత్త చెబుతుంది. ఇవ్వనివాడి గురించి అందులో ఏమీ లేదు. మాఊన్ సూరా మాట్లాడేది ఆ రెండోవాడి గురించే. ఫిఖ్ గ్రంథాల్లో ఈ ఎరువుకు పేరు ‘ఆరియత్’: ప్రతిఫలం లేకుండా ఒక వస్తువు వాడకాన్ని ఇంకొకరికి ఇవ్వడం. వస్తువు యజమానిదే, వాడకం పొరుగువాడిది.

సూది గురించి, బొక్కెన గురించి ఎవరికీ పేచీ లేదు. ఈ వ్యాసం ట్రాక్టరు గురించి. మెట్టుగూడ, ఆలుగడ్డ బావి, తార్నాక చుట్టుపక్కల ఉంటున్న మన దాతల్లో ఉద్యోగాల కోసం ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాలు తక్కువేమీ కావు. రైల్వేలోనో, యూనివర్సిటీలోనో కొలువు దొరికి ఇక్కడే స్థిరపడ్డారు. జనగామ వైపో, భువనగిరి వైపో నాలుగెకరాలు మిగిలి ఉన్నాయి. అన్నదమ్ములు కలిసి కొన్న ట్రాక్టరు ఊళ్లో షెడ్డు కింద ఉంది. దున్నకాలంలో నాలుగు రోజులు, కోతల తర్వాత నాలుగు రోజులు కదులుతుంది. మిగతా ఏడాదంతా టార్పాలిన్ కప్పుకుని నిలబడి ఉంటుంది.

పక్క పొలం వాడి సంగతి వేరు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. దేశం మొత్తం మీద నూటికి 86 కమతాలు చిన్న, సన్నకారు రైతులవే. రెండున్నర ఎకరాలకు ట్రాక్టరు కొనడం కుదిరే పని కాదు. కిరాయికి తెచ్చుకోవాలి. మృగశిర కార్తెలో మంచి వాన పడితే నేలకు పదును రెండు మూడు రోజులే ఉంటుంది. ఊరంతటికీ ఆ రెండు మూడు రోజుల్లోనే ట్రాక్టరు కావాలి. కిరాయి బండ్లు పెద్ద కమతాల వైపు ముందు వెళతాయి, అక్కడ ఒకే చోట ఎక్కువ గంటలు నడుస్తాయి కాబట్టి. చిన్న రైతు వంతు వచ్చేసరికి నేల గట్టిపడుతుంది. విత్తనం ఆలస్యమవుతుంది. అదును తప్పిన పంటకు ఎరువులు ఎన్ని వేసినా ఆ లోటు తీరదు. కిరాయి డబ్బు చేతిలో ఉన్నవాడి పరిస్థితే ఇది. లేనివాడు వడ్డీకి తెస్తాడు.

ఎడ్లతో దున్నిన రోజుల్లో ఇలా ఉండేది కాదని పెద్దవాళ్లు చెబుతారు. ఒక్క ఎద్దే ఉన్నవాడు ఇంకో ఒంటి ఎద్దు ఉన్నవాడితో కలిసి జత కట్టేవాడు. ఈ రోజు నీ చేను, రేపు నా చేను. దీన్ని ‘బదులు’ అనేవారు. అందులో దానగుణం కంటే అవసరం ఎక్కువ, ఎందుకంటే ఒక ఎద్దుతో నాగలి నడవదు. ట్రాక్టరుకు జత అక్కర్లేదు. అది ఉన్నవాడికి పొరుగువాడి అవసరం తీరిపోయింది. బదులు పోయి కిరాయి వచ్చింది. ఇప్పుడు ఎవరైనా ఇస్తే తన ఇష్టంతో ఇవ్వాల్సిందే.

ఇక్కడ మన దాతలు తరచూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. సొంత సేద్యానికి వాడుకునే పనిముట్ల మీద జకాత్ లేదు కదా, మరి ట్రాక్టరు మీద మేం ఇవ్వాల్సింది ఏముంది? జకాత్ వరకు ఆ మాట నిజమే. ట్రాక్టరు అమ్మకానికి పెట్టిన సరుకు కాకపోతే దాని ధర మీద జకాత్ లెక్క కట్టనక్కర్లేదు. అయితే సహీహ్ ముస్లింలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఒకటి ఉంది. పశువుల హక్కు చెల్లించని యజమానికి పరలోకంలో జరిగేది ప్రవక్త (సఅసం) వర్ణించినప్పుడు, ఆ హక్కు ఏమిటని సహచరులు అడిగారు. ఆయన చెప్పిన జవాబులో మందలో ఇన్ని తలలు అనే లెక్క లేదు. పోతును దాటకానికి ఎరువు ఇవ్వడం, నీళ్లు తోడే బొక్కెన ఇవ్వడం, పాలిచ్చే పశువును కొన్నాళ్లు వాడుకోమని ఇవ్వడం, నీళ్ల రేవు దగ్గర పాలు పితికి అక్కడున్నవారికి పంచడం, అల్లాహ్ మార్గంలో బరువు మోయడానికి ఇవ్వడం. పోతు, బొక్కెన, పాడి పశువు, బరువు మోసే జంతువు: ఆనాటి సేద్యానికీ రవాణాకూ ఇవే యంత్రాలు.

ఇది జకాత్‌లా విధి అని ఎక్కువమంది పండితులు అనలేదు, ప్రోత్సాహకరమైన పుణ్యకార్యం అన్నారు. ఇబ్ను తైమియా (రహ్) అభిప్రాయం మాత్రం గట్టిది. యజమానికి ఆ వస్తువు అవసరం లేనప్పుడు, అవతలివాడికి అవసరం ఉన్నప్పుడు ఎరువు ఇవ్వడం తప్పనిసరి అన్నారాయన. మనం ఏ అభిప్రాయాన్ని అనుసరించినా, అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనాన్ని పక్కన పెట్టలేం. ప్రయాణంలో ఒకతను ఒంటె మీద వచ్చి అటూ ఇటూ చూస్తున్నాడు. అది గమనించిన ప్రవక్త (సఅసం) మిగులు వాహనం ఉన్నవారు లేనివారికి ఇవ్వాలని, మిగులు ఆహారం ఉన్నవారు లేనివారికి ఇవ్వాలని చెప్పారు. ఒక్కో రకం సొమ్మునూ పేరు పేరునా చెబుతూ పోయారట. మిగులు మీద మనకసలు హక్కే లేదేమో అనిపించిందని అబూ సయీద్ (రజి) చెప్పుకున్నారు.

మరి ఇవ్వడానికి చేయి ఎందుకు రాదు? పిసినారితనం అని తేల్చేయడం అన్యాయం. మసీదుకు ఉదారంగా చందా ఇచ్చే మనిషే ట్రాక్టరు తాళం ఇవ్వడానికి వెనకాడతాడు. కారణం భయం. రాళ్లలో దించి గొర్రు పళ్లు విరగ్గొడతాడేమో, క్లచ్ కాలుస్తాడేమో, తనకు తెలియకుండా ట్రాలీ కట్టి ఇసుకకు పంపిస్తాడేమో, అడిగితే ముఖం చాటేస్తాడేమో. పోయేది ట్రాక్టరు ఒక్కటే కాదు, పొరుగు కూడా. ఈ భయం కొత్తది కాదు. షరీఅత్ దానికి జవాబు కూడా ఇచ్చింది. మన ఉపన్యాసాల్లో ఆ భాగం తక్కువగా వినబడుతుంది.

హిజ్రీ 8వ సంవత్సరం, హునైన్ యుద్ధానికి ముందు. ప్రవక్త (సఅసం) మక్కా ప్రముఖుడు సఫ్వాన్ బిన్ ఉమయ్యాను కవచాలు అడిగారు. సఫ్వాన్ అప్పటికి ముస్లిం కాలేదు. మక్కా జయించినవారు అడుగుతున్నారు, ఓడినవాడు ఇవ్వాలి. బలవంతంగా లాక్కుంటున్నారా అని అతను సూటిగా అడిగాడు. కాదు, ఎరువుగా, తిరిగి ఇచ్చే పూచీతో అని జవాబు వచ్చింది. ముప్పై నుంచి నలభై కవచాలు ఇచ్చినట్లు అబూ దావూద్ ఉల్లేఖనం. యుద్ధం తర్వాత లెక్క చూస్తే కొన్ని తగ్గాయి. పరిహారం ఇస్తామని ప్రవక్త (సఅసం) స్వయంగా ప్రస్తావించారు. సఫ్వాన్ వద్దన్నాడు. ఆ రోజు తన గుండెలో లేనిది ఈ రోజు ఉందన్నాడు. అప్పటికి అతను ఇస్లాం స్వీకరించాడు.

ఈ ఉదంతంలో మూడు సంగతులు గమనించాలి. ఎరువు మతం చూడలేదు. యజమాని తన భయాన్ని దాచుకోకుండా అడిగితే అది తప్పు కాలేదు. తీసుకున్నవారు నష్టం మాట తామే ఎత్తారు. మెట్టుగూడ లాంటి చోట, రైల్వే క్వార్టర్లలో ఒక గోడకు అటు క్రైస్తవ కుటుంబం, ఇటు హిందూ కుటుంబం ఉన్నచోట, మొదటి సంగతి చెప్పనక్కర్లేదు. మిగతా రెండూ మనకింకా అలవాటు కావాలి.

మన పక్కనే ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్‌ను చాలామంది బయటి నుంచే చూసి ఉంటారు. 1888లో మొదలైన ఈ సంస్థ అరబీ రాతప్రతులను పరిష్కరించి అచ్చు వేసి ప్రపంచానికి అందించింది. ఇమామ్ బైహఖీ (రహ్) గారి ‘అస్సునన్ అల్ కుబ్రా’ను హిజ్రీ 1344 - 1355 మధ్య పది సంపుటాలుగా అచ్చు వేసింది కూడా ఇదే. ఆరియత్ మీద ఆ గ్రంథంలో విడిగా ఒక భాగమే ఉంది. అరబ్బు దేశాల విద్యార్థులు ఎరువు హదీసులు చదివింది హైదరాబాదు అచ్చులో అన్నమాట.

ఇక నష్టం ఎవరిది అన్న ప్రశ్న. మనలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మజ్‌హబ్‌లో ఎరువు వస్తువు అమానత్. తీసుకున్నవాడు హద్దు మీరకుండా, నిర్లక్ష్యం చేయకుండా వాడినప్పుడు అది పాడైతే అతని మీద భారం లేదు. షాఫయీ, హంబలీ మజ్‌హబ్‌లలో పూచీ ఉంది, అనుమతించిన మామూలు వాడకంలో అరిగిపోయినదానికి తప్ప. సఫ్వాన్‌తో అన్న ‘పూచీ’ మాట వారికి ఆధారం. బార్కస్‌లోని అరబ్బు మూలాల కుటుంబాలకు ఈ రెండో పద్ధతి తెలిసే ఉంటుంది.

మజ్‌హబ్ ఏదైనా ట్రాక్టరుకు పనికొచ్చే నియమాలు పాత గ్రంథాల్లో గుర్రం, గాడిద పేరుతో ఉన్నాయి. ఎరువు జంతువు మేత ఖర్చు తీసుకున్నవాడిదే అని హనఫీ పండితులు రాశారు. డీజిల్ లెక్క అక్కడే తేలిపోయింది. తీసుకున్నవాడు దాన్ని కిరాయికి తిప్పకూడదు. ఎక్కేవాడు మారితే వాడకం మారిపోయే వస్తువైతే ఇంకొకరి చేతికీ ఇవ్వకూడదు. స్టీరింగ్ మీద ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టి ట్రాక్టరు ఎంత మారుతుందో చూసినవారికి తెలుసు. యజమాని ఎప్పుడైనా వెనక్కి అడగవచ్చు. కానీ పంట వేసుకోమని నేల ఎరువిచ్చినవాడు కోత కాకముందే ఖాళీ చేయించకూడదు. దీన్ని బట్టి, సగం చేను దున్నాక ట్రాక్టరు తెచ్చేయమనడం న్యాయం కాదని నా అభిప్రాయం.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం చదివితే ఆశ్చర్యం వేస్తుంది, అక్కడా ఉదాహరణ గుర్రమే. పొగరుబోతు గుర్రమని తెలిసి చెప్పకుండా ఎరువిస్తే, ఎక్కినవాడు పడి దెబ్బ తగిలితే ఇచ్చినవాడిదే బాధ్యత (150వ సెక్షను). నువ్వే ఎక్కాలని ఇచ్చిన గుర్రాన్ని ఇంట్లో ఇంకొకరికి ఇస్తే, ఆ ఇంకొకరు ఎంత జాగ్రత్తగా నడిపినా, గుర్రానికి దెబ్బ తగిలితే తీసుకున్నవాడిదే బాధ్యత (154వ సెక్షను). ఉచితంగా ఇచ్చినదాన్ని గడువుకు ముందే అడగవచ్చు. కానీ దాన్ని నమ్ముకుని పని మొదలుపెట్టినవాడికి, పొందిన లాభం కంటే ఎక్కువ నష్టం వస్తే ఆ తేడా యజమాని భరించాలి (159వ సెక్షను). బ్రేకు సరిగా పట్టడం లేదని తెలిసి తాళం చేతికిచ్చి ఊరుకుంటే, ఎరువిచ్చిన పుణ్యం అలా ఉంచి, నేరం మెడకు చుట్టుకుంటుంది.

ట్రాలీ విషయంలో మాత్రం మొహమాటం ఉండకూడదు. 2018 జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీలతో వెళుతున్న ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో బోల్తా పడి పదిహేను మంది దాకా చనిపోయారు. దాదాపు అందరూ పొలం పనికి బయలుదేరిన ఆడవాళ్లే. అదే ఏడాది ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లాలో మరో ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది మహిళలు పోయారు. ట్రాలీ సరుకు కోసం, మనుషుల కోసం కాదు. దుక్కికి ఇచ్చేటప్పుడు ట్రాలీ విప్పేసి ఇవ్వడం మంచిది. లైసెన్సు లేనివాడికి బండి ఇవ్వకూడదని మోటారు వాహనాల చట్టం యజమానికే చెబుతోంది. బీమా కాగితం తేదీ చూసుకోవాలి. వ్యవసాయానికి అని రాసుకున్న పాలసీతో కిరాయి తోలకం చేస్తే, ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ ఆ మాటే పట్టుకుంటుంది. ఉచితంగా ఇవ్వడంలో ఉన్న సుఖం ఇదొకటి.

నిలబడ్డ ట్రాక్టరు భద్రంగా ఉంటుందన్నది భ్రమ. నెలల తరబడి స్టార్ట్ చేయకపోతే బ్యాటరీ దిగిపోతుంది. ట్యాంకులో చెమ్మ చేరి డీజిల్ చెడుతుంది. ఒకే చోట బరువు మోసి టైర్లు పగుళ్లు ఇస్తాయి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. మదీనాలో ఒక రాత్రి కలకలం రేగినప్పుడు ప్రవక్త (సఅసం) అబూ తల్హా (రజి) గుర్రాన్ని ఎరువు తీసుకుని వెళ్లి చూసి వచ్చారు. మందూబ్ దాని పేరు, నడక మందమని పేరు పడింది. తిరిగి వచ్చి అది సముద్రంలా పరుగెత్తిందని మెచ్చుకున్నారు. పనిలో పెడితే తప్ప దేని సత్తా ఏమిటో తెలియదేమో.

ఇన్ని నియమాలు చెప్పుకున్నా యజమాని భయం పూర్తిగా పోదు. హనఫీ లెక్కన నిర్లక్ష్యం లేని నష్టం యజమానిదే. గేరుబాక్సు పోతే పుణ్యం మాట ఎలా ఉన్నా ఆ ఏడాది సేద్యం మునుగుతుంది. షాఫయీ లెక్కన తీసుకున్న పేద రైతుది, అతను కట్టలేడు. ఈ ముడి విప్పగలిగింది సంఘమే. ఇబ్ను బతూతా 1326లో డమాస్కస్ చేరినప్పుడు ఒక వింత చూశాడు. వీధిలో ఒక నౌకరు కుర్రాడి చేతిలోంచి చైనా పింగాణీ పళ్లెం జారి పగిలిపోయింది. కుర్రాడు వణికిపోతుంటే ఎవరో పెంకులు ఏరుకుని పాత్రల వక్ఫ్ చూసుకునే ఆయన దగ్గరికి వెళ్లమన్నారు. ఆయన పెంకులు చూసి కొత్త పళ్లెం ధర ఇచ్చాడు. పగిలిన పాత్రల కోసమే దాతలు వక్ఫ్ ఏర్పాటు చేశారు. పళ్లెం యజమానికి నష్టం లేదు, కుర్రాడికి దెబ్బలు లేవు.

మన దాతల నుంచి నేను కోరుకునేది ఆ పళ్లెం వక్ఫ్ లాంటిదే. ట్రాక్టర్లు కొనమని కాదు. ఎరువిచ్చిన ట్రాక్టరుకు మంచి వాడకంలోనే నష్టం వస్తే మరమ్మతు ఖర్చు భరించడానికి విడిగా ఒక చిన్న నిధి. జకాత్ సొమ్ము ఇందులో కలపకూడదు, యజమాని జకాత్‌కు అర్హుడు కాకపోవచ్చు. సదఖా, లిల్లాహ్ సొమ్మే వాడాలి. ట్రాక్టరునే వక్ఫ్ చేయాలనుకునేవారికీ దారి ఉంది. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్) భూమితో పాటు దాన్ని దున్నే ఎడ్లను కలిపి వక్ఫ్ చేయడాన్ని అంగీకరించారు. ఇమామ్ ముహమ్మద్ (రహ్) వాడుకలో ఉన్న చరవస్తువులకూ అనుమతించారు: గొడ్డలి, పార, రంపం, జనాజా మంచం, వంటపాత్రలు. మన మసీదుల్లో జనాజా మంచం, దేగ్చాలు ఎప్పటి నుంచో ఈ లెక్కలోనే నడుస్తున్నాయి. వీల్‌చైరు, వాకరు, ఆక్సిజన్ యంత్రం మందు అవసరం తీరాక ఇళ్లలో అటక మీద పడి ఉంటున్నాయి. వాటికీ ఇదే మాట.

వాడకం మొదలుపెట్టడానికి పెద్ద దస్తావేజు అక్కర్లేదు. ఒక పుస్తకం చాలు. ట్రాక్టరు ఇచ్చేటప్పుడు గంటల మీటరు అంకె, డీజిల్ మట్టం, తెలిసిన లోపాలు రాయాలి. నడిపేవారి పేరు, లైసెన్సు నంబరు, ఏ చేను, ఎన్ని రోజులు అన్నది రాయాలి. తిరిగి వచ్చినప్పుడు మీటరు అంకె మళ్లీ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. బాకీల విషయంలో రాసుకోమని ఖుర్ఆన్ చెప్పింది కాబట్టి రాసుకోవడాన్ని అపనమ్మకంగా ఎవరూ తీసుకోరు. మృగశిర కార్తె జూన్ మొదటి వారం చివర్లో వస్తుంది. ఊళ్లో ట్రాక్టరు ఉన్నవారు మే నెల నడిమికల్లా ఊరు, మండలం, ట్రాక్టరు ఎన్ని హార్స్‌పవర్, గొర్రు ఉందా, రోటవేటర్ ఉందా, తమకు ఏ రోజుల్లో అవసరం పడదో ఒక కాగితం మీద రాసి సంఘం కార్యాలయంలో ఇస్తే, ఏ పొరుగువాడి చేనుకు ఏది అందుతుందో వాన పడకముందే చూసుకోవచ్చు.